నిలబెట్టిన డ్రమ్ములు

కరెంటు పనిలో చేరబోయే కుర్రవాళ్ళు మా ఇంటికొచ్చి మొట్టమొదట అడిగేది షాకు గురించి. ఎన్నిసార్లు కొట్టింది అంటారు. రెండుసార్లు. రెండుసార్లూ తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడ్డాను, తప్పు నాదే. దాని గురించి అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. మిల్లులో కొన్నాళ్ళు, పవర్ హౌసులో కొన్నాళ్ళు, మొత్తం ఇరవై రెండేళ్ళు నన్ను పట్టి పీడించింది షాకు కాదు, నూనె దిగులు. అది మీకు చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు కాబట్టి ఇది రాస్తున్నాను.

నా పేరు సైదులు. నరసరావుపేటలో మాది రెండు గదుల పెంకుటిల్లు. చదివింది మూడో తరగతి వరకే. చూసిందీ విన్నదీ మాత్రం మరిచిపోను. ఏ రోజు ఏ కూర తిన్నామో కూడా చెప్పగలనని మా ఇంటావిడ హుస్సేన్‌బీ ఎగతాళి చేస్తుంది. కాగితం మీద తప్పులు మా అల్లుడు దిద్దాడు. మాటలు నావి.

పవర్ హౌసు అంటే ఇప్పుడు మీరు ఏమనుకుంటారో గానీ, అప్పుడు అదొక రేకుల షెడ్డు. లోపల క్రూడాయిలు అనే ముడి నూనెతో నడిచే ఒక ఇంజను, దాని చక్రం నుంచి బెల్టు మీద తిరిగే డైనమో, గోడకి నల్లరాతి బోర్డు, దాని మీద నాలుగు మీటర్లు. పగలు ఆ కరెంటు తీగల మీద ఊరి బయట మంచినీళ్ళ బావి దగ్గరున్న పంపు మోటారుకు పోయేది. పొద్దు గూకాక వీధి దీపాలకీ, కొద్ది ఇళ్ళకీ పోయేది. అంతే. ఇంజను ఆగితే దీపాలు ఆగడం సంగతి సరే, కుళాయిలు కూడా ఆగుతాయి. దీపం లేకపోతే జనం తిట్టుకుంటూ నిద్రపోతారు. నీళ్ళు లేకపోతే ఎక్కడివో ఒకచోటివి తాగుతారు. ఈ తేడా తెలియనివాడు ఇంజను దగ్గరికి రాకూడదు.

కర్ర

నా దగ్గర ఒక టేకు కర్ర ఉండేది. మూడున్నర అడుగులు. వడ్రంగి చేత నున్నగా చిత్రిక పట్టించి, వేడి ఊచతో నేనే గీతలు కాల్చుకున్నాను. డ్రమ్ము పైబిరడా తీసి ఆ కర్ర దించి బయటికి తీస్తే, ఎన్ని గీతలు తడిసి ఉంటే అంత నూనె. పొద్దున్నే షెడ్డుకి వెళ్ళగానే మొదటి పని అదే. టీ కూడా తరవాతే.

యుద్ధం రాకముందు ఆ కర్రతో అంత పని లేదు. రైల్లో డ్రమ్ములు వచ్చేవి, ఖాళీవి వెళ్ళేవి. నూనె ఎక్కడిదని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. జపానువాళ్ళు రంగూను పట్టుకున్నారని పత్రికలో వచ్చినప్పుడు మా సుపరింటెండెంటు రాఘవరావు గారు పత్రిక మడిచి బల్ల మీద పెట్టి, "సాయిబూ, మన నూనె పోయింది" అన్నారు. ఎవరో తీసుకుపోయారేమోనని నేను పరుగెత్తుకుంటూ పెరట్లోకి వెళ్ళి డ్రమ్ములు చూసొచ్చాను. ఆయన నవ్వలేదు. అప్పుడు తెలిసింది, నరసరావుపేట వీధుల్లో వెలిగే దీపానికి వత్తి సముద్రం అవతల రంగూనులో ఉందని.

ఆ తరవాత అంతా పర్మిట్టు మీదే. నెలకి ఇన్ని డ్రమ్ములని కచేరీలో రాసిస్తారు. రాసినన్ని రావు. వచ్చినా చెప్పిన రోజుకి రావు. రాఘవరావు గారు ఒక నియమం పెట్టారు. ఎప్పుడు కాస్త ఎక్కువ వచ్చినా పక్కన పెట్టాలి, అలా ఆరు డ్రమ్ములు చేరాక వాటిని ఊరు మునిగినా ముట్టుకోకూడదు. ఆరూ చేరడానికి చానాళ్ళు పట్టింది. చేరిన ఆరింటిలో అయిదింటిని షెడ్డు వెనక పెరట్లో నిలబెట్టాను. ఆరోదానికి చోటు చాలక గోడ వారన పడుకోబెట్టాను. నిలబెడితే నాకు సుఖం. బిరడా పైకి ఉంటుంది, కర్ర నేరుగా దిగుతుంది.

ముట్టుకోవద్దన్న డ్రమ్ముల్లో కర్ర పెట్టడం దేనికని మీరు అడుగుతారు. అప్పుడూ అడిగారు. పంపు దగ్గర కాపలా, మోటారు పని రెండూ చూసే కోటయ్య అనేవాడు, నాకంటే పదేళ్ళు చిన్న. వాడు ఒకరోజు ఏదో పని మీద షెడ్డుకొచ్చి నన్ను చూస్తూ నిలబడ్డాడు.

"వాడని డ్రమ్ములో నూనె యాడికి పోద్ది అన్నా? రోజూ నాడి పట్టుకు చూస్తన్నావు?"

"పోదులేరా. చూసుకుంటే ఒక ధైర్యం."

వాడి తల్లి వెంకమ్మ వెనకే ఉంది, కొడుక్కి సద్ది తెచ్చింది. ఆమె నోటికి ఎవరూ అడ్డం లేరు. "ఏందయ్యా సాయిబూ, ఆ కర్రని పక్కలో కూడా పెట్టుకుంటావా? మీ ఆవిడ ఏమీ అనదా?" అంది. కోటయ్య నేల చూపులు చూశాడు. నేను నవ్వేశాను.

రోజూ తీసేదే కదా అని ఆ అయిదింటి బిరడాలు బిగించేవాణ్ణి కాదు. ఒక చుట్టు తిప్పి వదిలేవాణ్ణి. అలా ఆ డ్రమ్ములు రెండు వానాకాలాలు పెరట్లో నిలబడ్డాయి. వాన వెలిశాక వాటి చుట్టూ నిలిచిన నీళ్ళ మీద రంగురంగుల తెట్టు కనిపించేది, ఎర్ర, నీలం, ఆకుపచ్చ. దింపేటప్పుడు ఒలికిన నూనె అనుకున్నాను. చూశాను, అనుకున్నాను, వెళ్ళిపోయాను. ఇన్నేళ్ళ పనిలో నాకు బాగా గుర్తున్న బొమ్మ అదే.

కలరా ఎండాకాలం

ఆ ఎండాకాలం రెండు కష్టాలూ ఒకేసారి వచ్చాయి. ఆ నెల రావలసిన డ్రమ్ములు రాలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో కలరా అన్నారు, తరవాత మా ఊళ్ళోనూ రెండు పేటల్లో కనిపించింది. డాక్టరు గారు చాటింపు వేయించారు. కుళాయి నీళ్ళే తాగాలి, అవీ కాచి తాగాలి, వాగు నీళ్ళు, గుంట నీళ్ళు ముట్టుకోవద్దు. కుళాయి నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి? బావి దగ్గర పంపు నుంచి. పంపు దేనితో తిరుగుతుంది? నా వెనక పెరట్లో ఉన్న ఆరు డ్రమ్ములతో.

కోటయ్య వాళ్ళ పేట గొట్టానికి ఆఖరున ఉంది. ట్యాంకు సగం నిండితే పైపేటలకి నీళ్ళు పోతాయి గానీ అక్కడికి బొట్టు రాదు. నిండా నిండితేనే వస్తాయి. కాబట్టి నేను ఇంజను ఒక గంట తగ్గిస్తే ఆ గంట ఎవరి బిందెలో తగ్గుతుందో నాకు తెలుసు. పేరుతో సహా తెలుసు.

రాఘవరావు గారు మంచి అధికారి అని నేను చెప్పను. కోపిష్టి. తన తప్పు ఒప్పుకోవడం ఆయన జన్మలో లేదు. కానీ ఒక గుణం ఉండేది. లెక్క చెబితే ఆ లెక్క మీద నిలబడేవాడు. ఆ రోజు నన్ను పిలిచి, "ఆరూ నిండుగా ఉన్నాయా?" అని అడిగారు.

"నిలబెట్టినవన్నీ పొద్దున కూడా చూశానండి. అంచుదాకా ఉన్నాయి."

"దీపాలు పూర్తిగా ఆపేద్దాం. పంపు ఒక్కటే అయితే డ్రమ్ము ఎన్నాళ్ళొస్తుంది?"

"అయిదు రోజులండి."

ఆయన ఇంకో లెక్క చెప్పారు. గురజాల వైపు ఒక పంపు ఉంది, అక్కడా కలరాయే, వాళ్ళ దగ్గర ఒక్క డ్రమ్ము కూడా లేదట. మనవి రెండు వాళ్ళకిస్తే మనకి నాలుగు మిగులుతాయి, ఇరవై రోజులు. ఈలోగా సరుకు రాక తప్పదు. "పంపించెయ్" అన్నారు. గేటుకి దగ్గరగా నిలబడి ఉన్న రెంటిని ఆ రోజే లారీకెక్కించాం.

దీపాలు ఆపినందుకు బజారులో మాటలు పడ్డాం. నూనెల కొట్టు సుబ్బయ్య శెట్టి గారు నన్ను ఆపి, "ఏంది సైదులూ, మా వీధికి మళ్ళీ కిరసనాయిలు బుడ్లేనా? అదీ కార్డు మీద సీసాడే గదా ఇస్తన్నారు" అన్నాడు. "కుళాయి వస్తంది గదా శెట్టి గారూ" అన్నాను. "వస్తందిలే, అదైనా ఆపబాక" అన్నాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఆ రోజంతా అన్నం సహించలేదు.

పసుపూ సున్నమూ

పక్కన పెట్టిన డ్రమ్ముల్లో మొదటిది తెరిచి ఇంజను ట్యాంకులో పోయడం మొదలుపెట్టిన రెండో రోజు, పొద్దున పదిగంటలప్పుడు ఇంజను దగ్గింది. మనిషి దగ్గినట్టే. ఒక దెబ్బ తప్పింది, మళ్ళీ ఒకటి తప్పింది, పొగగొట్టంలోంచి తెల్లటి ఆవిరి వచ్చింది, చక్రం నెమ్మదించి ఆగింది. ట్యాంకు కింద కుళాయి తిప్పి అరచేతిలో పట్టాను. నూనెలో పూసల్లా నీటిబొట్లు.

గంటలో శుభ్రం చేసి మళ్ళీ తిప్పాను. పంపు ఆగినట్టు ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. రాఘవరావు గారు వచ్చి చూసి నిప్పులు కక్కారు. "స్టేషను గోడౌనులో నీళ్ళు కలిపి ఉంటారు. ఆ గుమస్తా సంగతి చూస్తాను" అన్నారు. నేను అవునండీ అన్నాను. ఎందుకన్నానంటే, ఆ క్షణాన నాకూ అలా అనుకోవడమే సుఖంగా ఉంది.

కానీ మిగతా వాటిలో ఎంత నీరుందో తెలియాలి కదా. నా కర్ర చెప్పదు. నూనె తేలుతుంది, నీళ్ళు అడుగున ఉంటాయి, కర్ర మొత్తం నల్లగా తడిసి పైకొస్తుంది. అన్నేళ్ళు నేను నమ్మిన కర్ర ఇంత గుడ్డిదని అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్ళాను. చక్రం లాగీ లాగీ భుజం పట్టేసింది. హుస్సేన్‌బీ పట్టు వేస్తానని రాతి మీద పసుపు పొడీ, పిడుగురాళ్ళ బట్టీ సున్నం పొడీ కలుపుతోంది. పొడిగా ఉన్నంతసేపూ పసుపచ్చగానే ఉంది. రెండు చుక్కల నీళ్ళు చిలకరించింది. చిలకరించినచోట ఎర్రబడింది. ఆడవాళ్ళు రోజూ చూసేదే, నేనూ వందసార్లు చూసినదే. ఆ రోజు ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఏమే, అందులో నీళ్ళకి బదులు నూనె పోస్తే?"

"నూనె పోస్తే ఏముంది, పసుపుగానే ఉంటది. నీకేం పుట్టిందయ్యా, అన్నం తిను."

"నూనె అడుగున నీళ్ళుంటే?"

ఆమె నా మొహం చూసింది. తరవాత ఇంకేమీ అడగకుండా పాత ధోవతి చింపి వేలెడు గుడ్డలు చేసింది. పొడి మిశ్రమం చిటికెడు చిటికెడు పెట్టి మూటలు కట్టింది. కర్ర మీద గీత గీతకీ ఒక మూట కట్టాం. అటొకటి ఇటొకటి ఊడితే దారంతో మళ్ళీ బిగించింది. "ఇదేదో దర్గాకి మొక్కు కట్టినట్టుంది" అంది.

పెరట్లోకి వెళ్ళి, నిలబెట్టిన మూడింటిలో ముందు ఆ తెరిచిన డ్రమ్ములో కర్ర దించి రెండు వందలు లెక్కపెట్టి తీశాను. పై మూటలు నూనెతో నల్లబడ్డాయి, విప్పితే లోపల పసుపు. కింది మూటలు విప్పితే ఎరుపు. దాదాపు సగం దాకా ఎరుపే. రెండోదీ అంతే. మూడోదీ అంతే. పడుకోబెట్టిన డ్రమ్ము బిరడా బిగుసుకుపోయి పానాకి కూడా లొంగలేదు. దాన్ని నేను ఒక్కసారీ తెరవలేదు మరి. బిరడా పైకి వచ్చేలా దొర్లించి, ఎలాగో తిప్పి తీసి, ఏటవాలుగా కర్ర దించాను. ఒక్క మూట కూడా ఎర్రబడలేదు.

నాలుగూ ఒక స్టేషను నుంచే వచ్చాయి. గుమస్తా నీళ్ళు కలిపి ఉంటే నాలుగింటిలోనూ ఉండాలి. నేను రోజూ తెరిచిన వాటిలో మాత్రమే ఉన్నాయి. పై అంచు గట్టు కట్టినట్టుంటుంది కదా, వాన నీళ్ళు ఆ పళ్ళెంలో నిలిచి, వదులుగా ఉన్న బిరడా పక్కనుంచి దిగాయి. దిగిన ప్రతి చెంబుకీ ఒక చెంబు నూనె పైకి పొంగి నేల మీదికి పోయింది. డ్రమ్ము నిండుగానే ఉంది, కర్ర నిండుగానే చెప్పింది. రంగురంగుల తెట్టు నా కళ్ళ ముందే పారింది.

రోజూ చూడకుండా ఉంటే, పడుకోబెట్టి బిగించి వదిలేసి ఉంటే, ఆ నూనె అలాగే ఉండేది. నా భయమే దాన్ని తాగేసింది.

చెప్పడం

రాఘవరావు గారి గది గుమ్మంలో నిలబడ్డాను. ఆయన గుమస్తా మీద ఫిర్యాదు రాయిస్తున్నారు. ఆ గుమస్తా ఎవరో నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. చెప్పకుండా ఉండగలిగేవాణ్ణేనా అని చాలాసార్లు ఆలోచించాను. బహుశా ఉండేవాణ్ణే. కానీ గురజాల వెళ్ళిన రెండు డ్రమ్ములు కూడా నిలబెట్టినవే. ఇవాళో రేపో వాళ్ళ ఇంజనూ దగ్గుతుంది. అక్కడ నీళ్ళు పట్టుకునేవాళ్ళ సంగతేంది?

చెప్పాను. మూటలు విప్పి చూపించాను. ఆయన ఎర్రవీ పసుపువీ బల్ల మీద వేరుగా పెట్టుకుని లెక్కపెట్టారు.

"ఇరవై రోజులన్నావు."

"పదమూడుకి మించదండి."

"ఊరి నీళ్ళు నీ కర్ర మీద పెట్టాను రా" అన్నారు. అంతకుముందు ఎప్పుడూ నన్ను రా అనలేదు. ఫిర్యాదు కాగితం చింపేశారు. నా మీద కాగితం ఏమీ రాయలేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

మిగతా రోజులకి ఏం చేయాలో ఆయనే తేల్చారు. ఆ ఇంజను మొరటుది, వేడెక్కాక వేరుశనగ నూనె పోసినా తిరుగుతుంది. మిల్లు రోజుల్లో నేను ఒకసారి చూశాను. సుబ్బయ్య శెట్టి గారిని అడిగితే డబ్బాలు డబ్బాలు పంపాడు. పంపిస్తూ, "జనం తాలింపుకి లేక ఏడుస్తంటే ఇంజనుకి పోస్తన్నారా" అన్నాడు. నిజమే. ఆ వారం షెడ్డు చుట్టూ పిండివంట వాసన వేసేది. పొద్దున లేచి ఏ నూనె ఎంత, ఏది ఎన్ని గంటలు అని లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాణ్ణి. లెక్క సరిగ్గానే ఉండేది. అయినా మళ్ళీ మొదటినుంచీ వేసేవాణ్ణి.

వేరుశనగ నూనెతో ఒక మెలిక ఉంది. ఇంజను ఆపేముందు ఆఖరి పావుగంట తప్పకుండా క్రూడాయిలు మీద తిప్పాలి. లేకపోతే లోపల మిగిలిన వేరుశనగ నూనె చల్లారి జిగురై, నాజిలూ రింగులూ పట్టేస్తుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. మీ ఇంజను వేరే కావచ్చు, నూనె వేరే కావచ్చు. ప్రతి పనిలోనూ ఇలాంటి పావుగంట ఒకటి ఉంటుంది. అది ఒక మనిషికే తెలిసి ఉంటుంది. ఆ మనిషి ఒకరోజు ఊళ్ళో ఉండడు.

గురజాల

తప్పు ఒప్పుకున్న మర్నాడు పొద్దున్నే గురజాల బయలుదేరాను. నా తప్పు నేనే సరిదిద్ది రావాలని రాఘవరావు గారు అన్నారు, నాకూ అదే న్యాయమనిపించింది. ఇంజను ఎవరు చూస్తారు? కోటయ్యకి తిప్పడం వచ్చు, ఆపడం వచ్చు. వాణ్ణి పిలిచి అన్నీ అప్పగించాను. ఇంజను తిప్పేముందు దాని తల మీది ఇనప బుడ్డిని దీపంతో ఎంతసేపు కాల్చాలి, వేడెక్కాక వేరుశనగ నూనెకి ఎప్పుడు మార్చాలి, బెల్టు జారితే ఏం చేయాలి. పెట్రోలు కరువులో బొగ్గు మీద నడిచే బస్సు హారను కొట్టింది. అది ఎక్కాక మళ్ళీ మధ్యాహ్నం దాకా ఇంకోటి లేదు.

"అన్నీ చెప్పావు గదన్నా. పో, ఇక నేను చూసుకుంటా" అన్నాడు.

పోయాను. పిడుగురాళ్ళ దగ్గర బస్సు ఆగి బొగ్గు కుంపటి రాజేసుకుంటుంటే, బట్టీల పొగలో నిలబడి నేను ఒక్కొక్కటీ తిరిగి చెప్పుకున్నాను, వాడికి ఏమేం చెప్పానో. ఆఖరి పావుగంట సంగతి చెప్పానా? చెప్పే ఉంటాను అనుకున్నాను. ఏ రోజు ఏం కూర తిన్నానో చెప్పగల మనిషిని, ఆ పొద్దున నా నోటినుంచి ఏ మాట వచ్చిందో నాకు తెలియదా? తెలుసు. చెప్పలేదని అక్కడే తెలుసు. తిరుగు బస్సు లేదని, ఎదర గురజాల ఇంజను ఆగిపోతుందని, కోటయ్యకి తోస్తుందిలే అని, రకరకాలుగా సర్దిచెప్పుకుని మళ్ళీ బస్సెక్కాను.

గురజాలలో పని బాగానే అయింది. వాళ్ళ ట్యాంకు అడుగున కాస్త నూనె మిగలబట్టి మేం పంపిన డ్రమ్ములు ఇంకా తెరవలేదు. పైనుంచి గొట్టం పెట్టి నూనె వేరే పీపాల్లోకి లాగించాను, అడుగు నీళ్ళు పారబోశాను. అక్కడి డ్రైవరు ఒక పెద్దాయన, నా చేతులు పట్టుకుని మొక్కినంత పని చేశాడు. నేను తలెత్తలేకపోయాను.

ఆ ఒక్క రోజు

మర్నాడు సాయంత్రం నరసరావుపేటలో దిగేసరికి ఇంజను చప్పుడు లేదు. బస్సు స్టాండు దాకా వినిపించే చప్పుడు అది. షెడ్డు దాకా పరుగెత్తాను. కోటయ్య చక్రం దగ్గర కూర్చుని ఉన్నాడు, అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

"పొద్దున్నుంచీ లాగతన్నా అన్నా. కదలట్లా. నిన్న బాగానే ఆపానే."

"ఏ నూనె మీద ఆపావు?"

"శెనగ నూనె మీదే. అదే గదా నడస్తంది."

వాడి మీద అరవడానికి నాకు నోరు లేదు. చీకటి పడేలోపే మొదలుపెట్టాను. పిస్టను బయటికి లాగి, రింగులు కిరసనాయిల్లో నానబెట్టి, నాజిలు సూదితో పొడిచి, మర్నాడు తెల్లవారాక గానీ ఇంజను కదల్లేదు. మొత్తం మీద ఒక్క పగలు పంపు నడవలేదు. ట్యాంకులో ఉన్న నీళ్ళు పైపేటలకి సరిపోయాయి. ఆఖరి పేటకి రాలేదు.

ఆ పగలు కోటయ్య ఇంటికి వెళ్ళలేదు, చక్రం దగ్గరే ఉన్నాడు. ఇంట్లో బిందెలు ఖాళీ. వెంకమ్మ బిందె తీసుకుని వాగు చెలమకి వెళ్ళిందట. పక్కింటామె వద్దంటే, "కుళాయి లేనప్పుడు మేం బతకలా? ఒక్కపూటకి ఏం కాదులే" అందట. ఆ నీళ్ళలో కొన్ని కొడుక్కి సద్దితో పాటు షెడ్డుకి తెచ్చింది కూడా. వాడు పని హడావిడిలో తాగలేదు.

మూడో రోజు ఆమెకి పట్టుకుంది. అయిదో రోజు పోయింది. ఆ పేటలో ఇంకా ఇద్దరికి వచ్చింది, వాళ్ళు బతికారు.

ఆ నీళ్ళ వల్లేనా అని డాక్టరు గారిని అడిగాను. "ఎలా చెబుతాను సైదులూ, ఈగ వాలినా వస్తుంది" అన్నారు. దయగల మనిషి. ఊరడించడానికి అన్నారో, నిజంగానే అన్నారో తెలియదు. ఆమె పోయిన పదమూడో రోజు కోటయ్యతో చెప్పాను, పావుగంట సంగతి నేను చెప్పలేదని. "నేను అడగాల్సింది అన్నా" అన్నాడు. ఆ మాటకి బదులు వాడు తిట్టి ఉంటే అంత బాధ ఉండేది కాదు.

సరుకు, పక్కన పెట్టిన డ్రమ్ములు తెరిచిన పదిహేడో రోజుకి వచ్చింది. అన్ని డ్రమ్ములూ పడుకోబెట్టాను. బిరడాలు బిగించి మీద లక్క పోశాను. తెరిచి చూడాలని చెయ్యి లాగేది. గోడ మీద సున్నంతో అక్షరాలు రాశాను, మా అల్లుడు నవ్వే అక్షరాలు: ఆపేముందు పావుగంట క్రూడాయిలు. చదువు రానివాళ్ళకి నోటితో చెప్పేవాణ్ణి, తిరిగి చెప్పించుకునేవాణ్ణి. విసుక్కునేవాళ్ళు. విసుక్కోనీ.

ఇప్పుడు

ఇప్పుడు మా షెడ్డు మూసేశారు. పెద్ద స్తంభాల మీద లైను వచ్చింది. ఎక్కడో ఏటి ఒడ్డున బొగ్గు కాల్చి కరెంటు చేస్తారట, అది అక్కడినుంచి తీగ మీద వస్తుందట. బొగ్గు ఇంకెక్కడినుంచో రైళ్ళలో వస్తుందట. నూనె వాసన లేదు, చక్రం లాగే పని లేదు. స్విచ్చి వేస్తే పంపు తిరుగుతుంది. మంచిదే. నా భుజం లాంటి భుజం మీకెవరికీ రాకూడదు.

నేను పని మానేసే రోజున కొత్తగా వచ్చిన ఆపరేటరుని అడిగాను. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు.

"బాబూ, అక్కడ బొగ్గు ఎన్నాళ్ళకి సరిపడా ఉంటుంది?"

"అది మనకెందుకు సాయిబు గారూ, వాళ్ళు చూసుకుంటారు."

"వాళ్ళంటే?"

వాడు నవ్వాడు. వాడికి తెలియదు, వాడి పైవాడికీ తెలియదు. నా కర్ర అబద్ధం చెప్పింది, ఒప్పుకుంటాను. కానీ అప్పుడు ఊళ్ళో ఒక మనిషి అయినా రోజూ పొద్దున్నే లేచి ఎంతుందో చూసేవాడు. ఇప్పుడు ఊరికంతటికీ స్విచ్చి ఉంది, చూసేవాడు లేడు. మీరు ఆ పనిలో చేరుతున్నారు కాబట్టి అడుగుతూ ఉండండి. జవాబు రాకపోయినా అడగండి. వచ్చిన జవాబు అడుగుదాకా నిజమేనా అని కూడా చూసుకోండి.

లైను వచ్చిన రోజు బావి దగ్గర టెంకాయ కొట్టారు. మిఠాయి పంచారు. కోటయ్య మోటారు స్విచ్చి వేశాడు, ట్యాంకు నిండింది, ఆఖరి పేటలో కూడా కుళాయి ధారగా పోసింది. సాయంత్రం వాడితో పాటు వాళ్ళింటికి వెళ్ళాను. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, వాడు బిందెలు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాడు. నాలుగు బిందెలు నింపాడు. ఇంట్లో ఉన్న మనుషులకి రెండు చాలు. నాలుగింటి మీదా మూతలు పెట్టి, మూతల మీద గుడ్డ కట్టాడు.

"ఇక ఆగదంట గదరా," అన్నాను, "ఎందుకన్ని?"

"ఆగదంటలే అన్నా" అన్నాడు. అయిదో బిందె తీసుకుని మళ్ళీ వెళ్ళాడు.